గుమ్మానికెక్కిన చారల కలబంద

నాగాయలంక,
20 జూన్ 1974

ఒరే బాలశౌరీ,

క్షేమంగా చేరాను. అవనిగడ్డ దాకా బస్సు బాగానే వచ్చింది. అక్కణ్ణుంచి నేనూ, నా ట్రంకు పెట్టె, ఎవరివో నాలుగు కోళ్లూ ఒకే సీట్లో వచ్చాం. ఇక్కడ హాస్టల్లో అరవై మంది ఆడపిల్లలు. వార్డెను పనంటే తాళాలు వెయ్యడం ఒక్కటే అనుకున్నాను. తలల్లో పేలు చూడ్డం కూడానట. ఏప్రిల్ దాకా నేనిక్కణ్ణుంచి కదలడానికి లేదు.

ఇంటి తాళం చెవి మీ అమ్మ శౌరమ్మ దగ్గరుంది. గులాబీలు పోతే పోనీ. మందారానికి ఎవరూ చెయ్యక్కర్లేదు. వరండా మెట్టు పక్కనున్న చారల కలబంద మాత్రం జాగ్రత్త. ఆరేళ్ల కిందట బెంగుళూరు నించి తెచ్చాను, రైలు దిగేదాకా ఒళ్లోంచి కింద పెట్టలేదు. మన దొడ్లో ఉండే కలబంద లాంటిది కాదది. జానెడు కూడా ఎదగదు. ముదురాకుపచ్చ మీద తెల్ల చారలు, ముడుచుకుని కూచున్న పులిపిల్లలా ఉంటుంది. దానికి నెలకి రెండుసార్లు, ఒక్కో గ్లాసు నీళ్లు. ఆకుల మధ్య గుంటలో నీళ్లు నిలవకూడదు. వాన తగలకూడదు. పొద్దుటెండ చాలు.

ఎందుకింత చెప్తున్నానంటే, మునిసిపల్ పార్కు సూపర్నెంటు వెంకటప్పయ్య నా దగ్గర చదువుకున్నవాడే. ఫిబ్రవరిలో ఒక మాలీ ఉద్యోగం ఖాళీ అవుతుందన్నాడు. ఈ మొక్కని అప్పటిదాకా బతికించి చూపించు, నీ పేరు నేను చెప్తాను. లేకపోతే మీ అమ్మ నిన్ను కంకిపాడు రైసుమిల్లుకి, మీ బాబాయి పక్కన బస్తాలు మొయ్యడానికి పంపిస్తానంటోంది. నీ భుజాలు చూస్తే బస్తాయే నిన్ను మోసేట్టుంది.

నాలుగో క్లాసులో హాజరు పిలిస్తే నోరు విప్పకుండా చెయ్యెత్తేవాడివి. కార్డు మీద రాయడానికి నోరక్కర్లేదు కదా, రాస్తూ ఉండు.

ఎలిజబెత్ టీచరు


గుణదల,
3 జులై 1974

టీచర్ గారికి బాలశౌరి వందనాలండి.

మీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించానండి. కోళ్ల దగ్గర నవ్వింది. బస్తా దగ్గర నవ్వలేదు.

మొక్క బాగుందండి. మీరు నెలకి రెండు గ్లాసులన్నారు, అది మరీ అన్యాయం అనిపించిందండి. మా నాన్న ఉన్నప్పుడు కాలవ గట్లు కాసే లస్కరు కదండి, మొక్కంటే పాదాలు తడిసి ఉండాలి అనేవాడు. అందుకని రోజూ ఒక చెంబు పోస్తున్నానండి.

ఇంకో సంగతండి. మీ కుండీకి అడుగున చిల్లుందండి. పోసినవి పోసినట్టే కారిపోతున్నాయి. మీరు చూసుకోలేదేమో. కార్డు అయిపోయిందండి. ఇంకో కార్డు రాస్తానండి.


గుణదల,
3 జులై 1974, రెండో కార్డు

చిల్లు సంగతండి. ఏలూరు కాలవ గట్టు నించి బంకమట్టి తెచ్చి, ఎండుగడ్డి కలిపి, గండి పూడ్చినట్టు పూడ్చేశానండి. ఇప్పుడు చుక్క కారట్లేదు. నాన్న చూస్తే మెచ్చుకునేవాడండి.

లోపల చూస్తే అంతా ఇసక, గులకరాళ్లేనండి. బెంగుళూరు వాళ్లు మిమ్మల్ని మోసం చేశారు. అవన్నీ పారబోసి కాలవ ఒండ్రు నింపాను. మీ పక్కింటి మాణిక్యమ్మ మామ్మగారింట్లో మొన్న వరినారు కోసం తెచ్చిన యూరియా ఉంటే గుప్పెడు అడక్కుండా తెచ్చి వేశాను. అడుగుదామనుకున్నానండి. నోరు రాలేదు.

బలంగా వస్తుంది చూడండి.

బాలశౌరి


నాగాయలంక,
9 జులై 1974

ఒరే బడుద్ధాయ్!

ఆ చిల్లు మోసం కాదురా, అది దాని ముక్కు. ముక్కు మూసి నోట్లో చెంబుడు నీళ్లు పోస్తే నువ్వు బతుకుతావా? కలబంద ఒంటె లాంటిది. దానిక్కావలసిన నీళ్లు దాని ఒంట్లోనే ఉంటాయి. ఒండ్రూ, యూరియా! దాన్నేం కోసి కుప్పనూరుస్తావా?

కాలవ పక్కన పుట్టినవాళ్లందరికీ ఇదే జబ్బు. దేన్ని చూసినా వరిచేనే అనుకుంటారు. ఈ ఉత్తరం చేతికందిన నిమిషంలో ఆ చిల్లు పొడిచెయ్యి. ఒండ్రు తీసి ఇసక వెయ్యి. నీళ్లు ముట్టుకోకు. ఎలా ఉందో వెంటనే రాయి. నాకిక్కడ అన్నం దిగట్లేదు.

ఎలిజబెత్


గుణదల,
20 జులై 1974

టీచర్ గారికి వందనాలండి. చిల్లు పొడిచేశానండి. నీళ్లు మానేశానండి. మొక్క బాగుందండి. మీరు అన్నం తినండి.

బాలశౌరి


గుణదల,
20 జులై 1974

(టీచర్ గారూ, ఈ కార్డు నేను పోస్టు చెయ్యట్లేదండి. రాయకపోతే కడుపుబ్బిపోతోంది. రాసి అమ్మ జపాల పుస్తకంలో పెడుతున్నాను.)

మొక్క బాలేదండి. మీ ఉత్తరం వచ్చేసరికే పక్కకి వాలిపోయింది. మొదలు దగ్గర వేలు పెడితే మగ్గిన అరటిపండులాగా లోపలికి పోయింది. నిన్న మీ వరండాలో కుండీ ముందేసుకుని కూచుంటే మాణిక్యమ్మ మామ్మగారు గోడ మీంచి చూశారు.

“ఏంట్రా శౌరీ, దానికి జలోదరం తెప్పించావా?” అన్నారు. నేను తలాడించాను.

“కలబందకి నీళ్లెవడు పొయ్యమన్నాడ్రా? అయినా అది నీళ్ల జబ్బు కాదు. దిష్టి. వీధిలో పోయే ప్రతివాడూ దాని చారల్ని గుడ్లప్పగించి చూసేవాడే. ఇటు పట్రా.”

పట్టుకెళ్లానండి. కుండీలోంచి ఒక్క లాగు లాగారు. కత్తిపీట వేసుకు కూచుని కుళ్లిందంతా కోసి పారేశారు. వేరన్నది ఒక్కటి మిగల్లేదు. కోసినచోట పసుపు అద్దారు. “ఇవాళ అమావాస్య, అందులోనూ శుక్రవారం. నా గుమ్మానికి కలబంద కట్టాలని నెలనించీ అనుకుంటున్నా, కాళ్ల దగ్గరికే వచ్చింది” అని దాని మొదలుకి నల్లతాడు బిగించి, తలకిందులుగా వాళ్ల వీధి గుమ్మం మీద వేలాడదీశారు.

అది టీచర్ గారిదండీ, కట్టొద్దండీ అన్నానండి. లోపల అన్నాను. బైటికి రాలేదు. స్టూలు పట్టుకోమన్నారు. పట్టుకున్నాను.


నాగాయలంక,
12 ఆగస్టు 1974

ఒరే బాలశౌరీ,

నీ కార్డులో నాలుగే ముక్కలు. నోటికున్న జబ్బు చేతికి కూడా వచ్చిందా? సరే, పరీక్ష పేపరు పంపిస్తున్నాను. అన్ని ప్రశ్నలకీ జవాబు రాయాలి. ఆకులెన్ని ఉన్నాయి? కుళ్లు ఏమైనా కనపడుతోందా? నీళ్లెప్పుడు పోశావు? ఎండ ఎటునించి తగులుతోంది? వానలో తడుస్తోందా?

పక్కవాడి పేపర్లో చూసి రాయకు.

ఎలిజబెత్


గుణదల,
22 ఆగస్టు 1974

టీచర్ గారికి వందనాలండి. జవాబులండి.

ఆకులు పధ్నాలుగు. కుళ్లు లేదండి, మొదలు గట్టిపడింది. నీళ్లు నెలయ్యి ఒక్క చుక్క పొయ్యలేదు. తూరుపెండ పొద్దున్నే రెండు గంటలు తగులుతుంది. వాన ఎంత కొట్టినా తగలదు. గాలి మాత్రం అన్ని వైపులనించీ బాగా ఆడుతుందండి.

బాలశౌరి


గుణదల,
22 ఆగస్టు 1974 (ఇది కూడా జపాల పుస్తకంలోకేనండి)

ఇందాకటి కార్డులో ఒక్కటి కూడా అబద్ధం లేదండి. నిజాలు రాస్తే ఇంత భయమేస్తుందని నాకు తెలీదు.

రోజూ పొద్దున్నే మామ్మగారి గుమ్మం ముందు నించుని చూస్తున్నానండి. మామ్మగారు నాకు భక్తి అనుకుంటున్నారు. మొన్న ప్రసాదం పెట్టారు.


నాగాయలంక,
2 సెప్టెంబరు 1974

ఒరే బాలశౌరీ,

నూటికి నూరు! ఈ జవాబులు నేను చెప్పినదానికంటే బాగున్నాయి. నెలరోజులు నీళ్లు పొయ్యకుండా చెయ్యి కట్టుకోవడం నాకే ఎప్పుడూ చాతకాలేదు. మా పిల్లలకి నీ కార్డు చదివి వినిపించాను. ఎవరైనా మూడు పూటలా చిరుతిళ్లడిగితే ఇప్పుడు “కలబందలా ఉండండే” అంటున్నాను. నా వెనకాల వాళ్లు నాకు పెట్టిన పేరు కూడా అదేనని నిన్న తెలిసింది.

ఇంక నాకు బెంగ లేదు. నీకు చేతులున్నాయిరా. నోరు లేకపోతే పోయింది.

ఎలిజబెత్


గుణదల,
10 నవంబరు 1974

టీచర్ గారికి వందనాలండి. మొక్క బాగుందండి. కాస్త చిక్కింది, ఆకు చివర్లు ఎర్రబడ్డాయి, కానీ చారలు ఇదివరకటికంటే తెల్లగా కనపడుతున్నాయి. మాణిక్యమ్మ మామ్మగారి కోడలు రాజ్యలక్ష్మిగారికి మూడో నెలటండి. పెళ్లయిన ఎనిమిదేళ్లకి. వీధంతా మిఠాయి పంచారు. మాకు రెండు లడ్లు వచ్చాయి.

బాలశౌరి


గుణదల,
10 నవంబరు 1974 (జపాల పుస్తకం)

ఆ రెండు లడ్ల వెనకాల సంగతండి.

ఎలాగైనా మొక్క అడిగి తెచ్చుకుందామని నాలుగు రోజులు గేదెల కొట్టం దగ్గర నించుని గేదెలకి చెప్పి నేర్చుకున్నానండి. “మామ్మగారండీ, అది టీచర్ గారి మొక్కండి, దించి ఇస్తారా” అని. గేదెలకి చెప్పేటప్పుడు బాగానే వచ్చింది. నిన్న సాయంత్రం స్టూలు కూడా నేనే పట్టుకెళ్లాను.

“మామ్మగారండీ, అది...” అన్నాను.

“ఏదిరా?”

“అదండీ...” అని పైకి చూపించాను.

మామ్మగారు కళ్లు తుడుచుకున్నారండి. “చూశావుట్రా దాని మహిమ! ఎనిమిదేళ్లు తిరగని గుడి లేదు. మీ గుణదల మాత కొండెక్కి కొబ్బరికాయ కూడా కొట్టా. ఇది కట్టిన రెండో నెలకి నా కోడలు నెల తప్పింది. కాన్పయ్యేదాకా దాన్నెవడన్నా ముట్టుకున్నాడో, చేతులు విరగ్గొడతా. స్టూలు తెచ్చావేం, పసుపు రాస్తావా? రాయి నాయనా, నీ చెయ్యి మంచిది.”

ఎక్కి పసుపు రాసి దిగానండి. లడ్లు ఇచ్చారు. ఒకటి అమ్మ తినేసింది. రెండోది గేదెలకి పెట్టేశాను.


నాగాయలంక,
10 జనవరి 1975

ఒరే బాలశౌరీ,

శుభవార్త. వెంకటప్పయ్యకి నీ గురించి రాసేశాను. “ఈ బెజవాడ ఉక్కలో ఎవరూ నిలపలేని మొక్కని నా శిష్యుడు ఏడు నెలలు కంటికి రెప్పలా కాపాడాడు, దానికి నాది పూచీ” అని రాశాను. పూచీ అన్న మాట నేను ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఇంతకుముందు ఎవరికీ రాయలేదు. మా తమ్ముడిక్కూడా.

గుణదల తిరనాళ్లు అయ్యాక, ఫిబ్రవరి పదహారు ఆదివారం పొద్దున్న అతనే మనింటికొచ్చి మొక్క చూస్తాడు. ఉతికిన చొక్కా వేసుకో. కుండీ తుడిచి వరండాలో పెట్టు.

ఎలిజబెత్


గుణదల,
18 జనవరి 1975

టీచర్ గారికి బాలశౌరి వందనాలండి.

ఈసారి కవరు కొన్నానండి. మన వీధి పోస్టుమాను కార్డులు చదివి అందరికీ చెప్తాడు. లోపల మూడు పాత కార్డులున్నాయి. నేను పోస్టు చెయ్యనివి. తారీఖుల ప్రకారం చదవండి. తరవాత ఈ కాగితం చదవండి.

చదివారా అండి.

మీ మొక్కని నేను చంపబోయానండి. మామ్మగారు బతికించారు. ఇప్పుడది మీ ఇంట్లో లేదు. వరండాలో ఖాళీ కుండీ ఉంది. ఉట్టి కుండీ తుడిచి పెట్టలేనండి. మీరు పూచీ అని రాశారు. ఆ మాట చదివాక నాకు రెండు రోజులు జొరం వచ్చింది. నా మాటంటే ఎలాగూ లేదు, మీ మాట పోకూడదండి. వెంకటప్పయ్యగారికి రావద్దని రాసెయ్యండి. బాబాయి తిరనాళ్లకి వస్తాడు. ఆయనతో కంకిపాడు మిల్లుకి పోతాను. అమ్మకి చెప్పేశాను.

దొంగతనంగా దించుదామని కూడా అనుకున్నానండి. రాజ్యలక్ష్మిగారు ఆ గుమ్మం దాటేటప్పుడల్లా ఒకసారి తలెత్తి చూసి, పొట్ట మీద చెయ్యేసుకుంటారు. చెయ్యాడలేదు.

ఇంకోటండి. దాని మధ్యలోంచి ఏదో కాడ బయల్దేరింది. నేలకేసి నాలుగు వేళ్ల పొడుగు వచ్చి, అక్కణ్ణుంచి వంపు తిరిగి పైకి లేస్తోంది. జబ్బేమో తెలీదు.

బాలశౌరి


నాగాయలంక,
23 జనవరి 1975

చదివాను. ఇవాళ రాస్తే పెన్ను విరుగుతుంది. తరవాత రాస్తాను.

ఎలిజబెత్


నాగాయలంక,
27 జనవరి 1975

ఒరే బాలశౌరీ,

నాలుగు రోజులైంది. మొదటిరోజు నిన్ను తిట్టాను. రెండోరోజు మాణిక్యమ్మని తిట్టాను. నిన్న జెండా పండక్కి పిల్లలు పాటలు పాడుతుంటే ఒక మూల కూచుని నీ కార్డులు మళ్లీ చదివాను. స్టూలు పట్టుకోమంటే పట్టుకున్నావన్న చోట నవ్వొచ్చింది. హెడ్‌మాస్టరు నాకేసి అదోలా చూశాడు. జాతీయగీతం వస్తోందప్పుడు.

కోపం ఇంకా పోలేదు. మొక్క చచ్చిపోబోయినందుక్కాదు. ఆరు నెలలు నాకు “బాగుందండి” అని రాసినందుకు. అడక్కుండా తెచ్చిన యూరియా గుప్పెడు కూడా నాకు మొదట్లోనే చెప్పినవాడివి, ఇదెందుకు దాచావురా?

ఇప్పుడు విను. ఆ కాడ జబ్బు కాదు. పువ్వు. ఆరేళ్లు నా దగ్గర ముద్దుగా పెరిగి ఒక్క మొగ్గ వెయ్యలేదది. మీ మామ్మగారు వేళ్లు నరికి తలకిందులుగా వేలాడదీస్తే పూస్తోంది. ఈ సంగతి మా హాస్టలు పిల్లలకి చెప్పను. వాళ్ల మీద కూడా మొదలెడతానని భయపడతారు.

దాన్ని దించొద్దు. దిష్టులూ తాళ్లూ నాకు పట్టవని నీకు తెలుసు. ముప్ఫై ఏళ్లు క్లాసులో అవన్నీ ఉత్తవేనని చెప్పినదాన్ని. అయితే అయిదో నెల దాటిన పిల్ల తలెత్తి చూసుకునే చోట నిచ్చెన వేసే ధైర్యం నాకు లేదు. కాన్పయ్యేదాకా అక్కడే ఉండనీ.

వెంకటప్పయ్యకి రావద్దని రాయను. పూచీ రాసింది నేను, దాన్ని వెనక్కి తీసుకోను. అతనొస్తాడు. నువ్వు మాణిక్యమ్మ గుమ్మం కింద నించుని జరిగింది జరిగినట్టు చెప్తావు. కార్డు మీద రాసి చేతికివ్వడం కాదు. నోటితో. ఆ తరవాత అతను నిన్ను మిల్లుకి పొమ్మన్నా, పార్కుకి రమ్మన్నా నాకు సమ్మతమే.

ఎలిజబెత్

చివరన ఒక మాట. ఆ పువ్వు ఏ రంగో నాకు రాయి. నేనెప్పుడూ చూడలేదు.


గుణదల,
17 ఫిబ్రవరి 1975

టీచర్ గారికి బాలశౌరి వందనాలండి.

ముందు రంగండి. లేత గులాబీలో కాస్త నారింజ కలిసినట్టుంది. సన్న గొట్టాల్లాగా పదహారు పూలు. కాడ వంపు తిరిగి నిలువుగా పైకి లేచింది. మొక్క తలకిందులు, పువ్వు మాత్రం తిన్నగా. తిరనాళ్లకొచ్చినవాళ్లు కొండ దిగి మామ్మగారి గుమ్మం కూడా చూసి పోయారు. బాబాయి కూడా చూశాడు. నా సంచీ సర్దే ఉంది, ఆదివారం సాయంత్రం దాకా ఆగుతానన్నాడు.

నిన్న వెంకటప్పయ్యగారు స్కూటరు మీద వచ్చారండి. “టీచర్ గారి మొక్కేదోయ్?” అన్నారు. నేను పక్కింటి గుమ్మం పైకి చూపించాను. కళ్లజోడు సర్దుకుని చూశారు.

“ఏంటది, గబ్బిలమా?”

దగ్గరికెళ్లి, మునివేళ్ల మీద లేచి, మొదలు నొక్కి చూశారు. కోసినచోట సన్నటి తెల్ల వేళ్లు గాల్లోకి వచ్చి ఉన్నాయండి. నేనెప్పుడూ చూసుకోలేదు. ఆయనకి మొహం వెలిగిపోయింది.

“కుళ్లినదాన్ని కోసి, పసుపద్ది, నీడలో గాలికి ఆరగట్టావా! ఒరేయ్, నా దగ్గర ముగ్గురు మాలీలున్నారు. దేనికైనా నీళ్లు కొట్టడం తప్ప ఇంకో వైద్యం తెలీదు. ఇదంతా నీ బుర్రేనా?”

తలాడిస్తే చాలండి టీచర్ గారూ. పుట్టినప్పట్నించీ నేను చేస్తున్న పని అదే. మామ్మగారు కూడా “ఆ, వాడిదే, వాడి చెయ్యి చాలా మంచిది” అంటున్నారు. బాబాయి అరుగు మీద కూచుని చూస్తున్నాడు. నా తల సగం ఆడింది కూడానండి.

“కాదండి” అన్నాను.

నా గొంతు నాకే ఎవరిదోలా వినపడింది. ఆ తరవాత ఆగలేదండి. చిల్లు, బంకమట్టి, ఒండ్రు, యూరియా, అన్నీ చెప్పేశాను. యూరియా దగ్గర మామ్మగారు “ఓరి నీ అఘాయిత్యం కూలా, నా యూరియా! ఎలకలనుకున్నా!” అన్నారు. ఆరు నెలలు మీకు దాచిపెట్టింది చెప్పాను. అది టీచర్ గారి మొక్కని ఏడు నెలల్నించీ మామ్మగారితో చెప్పలేకపోయిందీ చెప్పాను.

మామ్మగారు ఒక్కసారి కూలబడ్డారండి. “టీచరమ్మకి అదింకా కావాలా? వదిలేసి పోయిందనుకున్నానురా. ముందే చెప్పి ఏడవొచ్చుగా!” అన్నారు. లోపల్నించి రాజ్యలక్ష్మిగారు వచ్చి గడపలో నించున్నారు. మొహం తెల్లగా ఉందండి. మీరు దించొద్దన్నారని చెప్పాను. ఉత్తరం జేబులోనే ఉంది, చూపించాను. రాజ్యలక్ష్మిగారు చదివి మామ్మగారికి వినిపించారు. నిచ్చెన మాట దగ్గర మామ్మగారు కొంగుతో ముక్కు చీదారు.

వెంకటప్పయ్యగారు వెళ్లి స్కూటరు మీద చెయ్యేసి నించున్నారు.

“కుండీ చిల్లుకి గండి పూడ్చావా?” అని అడిగారు.

“అవునండి. గడ్డి కూడా కలిపానండి.”

అప్పుడు నవ్వారు చూడండి, స్కూటరు ఒరిగిపోయింది. బాబాయి వచ్చి పట్టుకున్నాడు. “మా పార్కులో మొక్క పోతే ఎండ అంటారు, పురుగంటారు, మేకంటారు. మేక చంపిన గులాబీలు నా రిజిస్టర్లో ఎనభై ఉన్నాయి. నేను చంపానన్న మొదటి మనిషివి నువ్వే. ఏం చేశావో చెప్పేవాడైతే ఏం చెయ్యకూడదో నేను నేర్పగలను. ఒకటో తారీఖున రా. మూడు నెలలు రోజుకూలీ మీద చూస్తా. ఆ మూడు నెలలూ నీళ్ల గొట్టం ముట్టుకున్నావో, నిన్నే గుమ్మానికి కట్టిస్తా.”

బాబాయి నా సంచీ తెచ్చి నా చేతికే ఇచ్చి వెళ్లాడండి.

బాలశౌరి


నాగాయలంక,
24 ఫిబ్రవరి 1975

ఒరే బాలశౌరీ,

నీ ఉత్తరం మా పిల్లలకి చదివి వినిపించాను. “కాదండి” దగ్గర చప్పట్లు కొట్టారు. పువ్వు సంగతి చదవకుండా దాటేశాను.

నాకు ఇప్పుడు కోపం లేదు. అసూయ ఉంది. పదహారు పూలు! వచ్చాక మాణిక్యమ్మ దగ్గర కూచుని కత్తిపీట వైద్యం నేర్చుకుంటాను. ఆవిడకి నా నమస్కారాలు చెప్పు. ఆ యూరియాకి బదులిస్తానని కూడా చెప్పు.

ఎలిజబెత్


మునిసిపల్ పార్కు,
విజయవాడ,
21 మార్చి 1975

టీచర్ గారికి బాలశౌరి వందనాలండి.

పైన అడ్రసు చూశారా అండి. ఇంక ఇక్కడికే రాయండి. నాకు రాళ్లతోట అప్పజెప్పారు. నాగజెముడు, బ్రహ్మజెముడు, నాలుగు రకాల కలబందలు. గొట్టం మా పెద్ద మాలీ దగ్గరుంటుంది. నేను దగ్గరికెళ్తే వెనక దాచుకుంటాడు. చూడ్డానికొచ్చినవాళ్లు ఇదేంటి అదేంటి అని అడుగుతారండి. మొదటిరోజు బోర్డు చూపించాను. రెండోరోజు చెప్పాను. ఇప్పుడు వాళ్లే “సరేలే బాబూ, బస్సుకి టైమైంది” అని పోతున్నారు.

రాజ్యలక్ష్మిగారికి ఏడో నెల. బాగున్నారు.

నిన్న మధ్యాన్నం మాణిక్యమ్మ మామ్మగారు రిక్షాలో పార్కుకొచ్చారండి. నా కోసం ఆవకాయన్నం తెచ్చారు. తింటుంటే రాళ్లతోటంతా తిరిగి చూసి, నా పక్కన కూచుని నెమ్మదిగా అన్నారు, “ఒరే శౌరీ, గన్నవరంలో మా చెల్లెలి కోడలికి కూడా అయిదేళ్లయింది, పిల్లల్లేరు. ఆ మూలనున్న చారలదొకటి పీకివ్వు. నేను సంచీ తెచ్చా. ఎవరూ చూట్టం లేదు.”

“పీకనండి” అన్నాను.

మామ్మగారు నడుం మీద చెయ్యేసుకుని నన్ను కిందనించి పైదాకా చూశారండి.

“ఏంట్రా? మళ్లీ అను.”

మళ్లీ అన్నానండి.

బాలశౌరి
మాలీ